మెయిల్ పెట్టెలో మనుషులకు చోటు చేసిన మున్నీసా గారు

పందొమ్మిది వందల తొంభై ఒకటో సంవత్సరం, జూలై ఎనిమిదో తేదీ, సోమవారం ఉదయం, తెనాలిలోని కృష్ణాతీర మత్స్య సహకార సమాఖ్య ప్రధాన కార్యాలయంలో షేక్ మున్నీసా గారు టైపిస్టుగా బాధ్యతలు స్వీకరించారు. మార్కెట్ దగ్గర కుట్టుమిషన్లు బాగుచేసే జాన్ సైదా గారి పెద్దమ్మాయిగా మాత్రమే అప్పటికి ఊరు వారిని ఎరుగును. తండ్రిగారి సైకిల్ వెనుక కూర్చుని వచ్చి, గేటు దగ్గర దిగి, "ఇక నువ్వెళ్లు నాన్నా, లోపల అందరూ చూస్తారు" అని ఆయనను పంపేశారు. ఆయన సరేనని తలూపి, ఎదురుగా ఉన్న టీ కొట్టులో బల్ల మీద కూర్చుని, సాయంత్రం కూతురు బయటికి వచ్చేదాకా అక్కడినుంచి కదలలేదు. ఈ సంగతి మున్నీసా గారికి చాలా ఏళ్ల తర్వాత ఆ టీ కొట్టు యజమాని చెబితే తెలిసింది.

ఉద్యోగానికి ఎంపిక చేసిన నాడు విభాగాధికారి, "నిమిషానికి ఎన్ని మాటలు కొడతావమ్మా?" అని అడిగారు. "మళ్లీ దిద్దుకోవాల్సిన అవసరం రాకుండా ఎన్ని కొట్టొచ్చో అన్ని కొడతానండి" అన్నది వారి సమాధానం. ఆ మాటలో గర్వం లేదు, బెదురూ లేదు. సమాఖ్య అంటే పడవల నమోదు, బీమా, డీజిల్ రాయితీ, ఐసు సరఫరా వంటి సకల వ్యవహారాలలో మత్స్యకారులకూ ప్రభుత్వానికీ నడుమ నిలిచే సంస్థ గనుక, ఒక పేరులో ఒక అక్షరం తప్పుపడితే దాని ఫలితాన్ని ఎక్కడో తీరం మీద ఒక కుటుంబం అనుభవించవలసి వస్తుంది. ఈ ఎరుక మున్నీసా గారికి తొలినాళ్లలోనే కలిగింది. టైపు మిషను మొరాయించినప్పుడల్లా గుంటూరు నుంచి మెకానిక్కును పిలిపించి, అతడు వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవడం అంతకుముందు ఆనవాయితీ. వారు చేరిన తర్వాత ఆ కబురు పంపే అవసరమే లేకపోయింది. హ్యాండ్‌బ్యాగులో అద్దం, దువ్వెనలతో పాటు తండ్రిగారిచ్చిన చిన్న స్క్రూడ్రైవరు కూడా ఉండేది మరి!

రేపల్లెలో మోటార్లకు వైండింగు చేసే జమీర్ గారితో వివాహమైన తర్వాత, పందొమ్మిది వందల తొంభై తొమ్మిదిలో వారు కోరుకున్న విధంగానే రేపల్లె శాఖకు సీనియర్ అసిస్టెంటుగా బదిలీ అయ్యారు. కుమార్తె సుమయా, కుమారుడు ఫహీం ఆ ఊళ్లోనే బడికి వెళ్లారు. శాఖకు పెద్దగా ఉన్న హైమావతి గారు కచ్చితమైన మనిషి, అంతకు మించి చల్లని మనసున్న మనిషి. కంప్యూటరు వచ్చిన రోజున దానికి బొట్టు పెట్టి, మున్నీసా గారిని ముందు కూర్చోబెట్టి, "నాకు భయమేస్తోంది మున్నీసా, ముందు నువ్వు ముట్టుకో" అన్నది వారే. కొంతకాలానికి ఈ-మెయిల్ వచ్చింది. ఆ తొలి రోజుల ముచ్చట్లు తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. వచ్చిన ప్రతి మెయిలునూ కాగితం మీద అచ్చుతీసి ఫైలులో కుట్టేవారు. అందిందని తిరుగు మెయిలు పెట్టేవారు. ఆ తిరుగు మెయిలు పంపామని తెలియజేస్తూ పోస్టులో ఒక ఉత్తరం కూడా రాసేవారు. "ఒకవేళ అది గాల్లో ఎక్కడైనా ఆగిపోతే?" అని హైమావతి గారి సందేహం.

సందేహం వారొక్కరిదే కాదు, సమాఖ్య మొత్తానిది. ఒకసారి లెక్కల తనిఖీలో ఒక మెయిలు కనిపించలేదన్న అభ్యంతరం రావడంతో, వచ్చిన ఏ మెయిలునూ ఎట్టి పరిస్థితుల్లోనూ తొలగించరాదని ప్రధాన కార్యాలయం సర్క్యులర్ జారీ చేసింది. తొలగించినవారి నుంచి సంజాయిషీ కోరబడునని చివరి వాక్యం. ఆనాటి నుంచి ఎవరి పెట్టెలో ఏది పడినా అక్కడే ఉండిపోయింది. గడువు ముగిసిన టెండర్లు, జరిగిపోయిన సమావేశాల పిలుపులు, ఒకే డీజిల్ ధరల పట్టిక ముగ్గురు పంపిన మూడు ప్రతులు, ఎవరికో వెళ్లవలసిన జవాబును అందరికీ పంపినవారి మెయిళ్లు, దానికి అందరూ అందరికీ పెట్టిన ధన్యవాదాలు, అన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుపోయాయి. అవసరమైన మెయిలొకటి వెతకాలంటే సగం పూట పట్టేది. అయినా ఎవరూ నోరు విప్పలేదు.

రెండు వేల పద్నాలుగులో మున్నీసా గారు పదోన్నతిపై బాపట్ల కార్యాలయానికి సూపరింటెండెంటుగా వచ్చారు. అప్పటికి మన మేనేజింగ్ డైరెక్టరు గోపాలకృష్ణ గారు. ఆయన ఉద్యోగులను పేరు పెట్టి పలకరించే సహృదయులు. తెనాలిలో తమ ఇంటి మేడ మీద గులాబీలు పెంచడం ఆయనకు ప్రాణం. ప్రతి ఉదయం పూసిన పువ్వుకు మంచి కెమెరాతో ఫొటో తీసి, 'శుభోదయం' అన్న మాటతో అన్ని కార్యాలయాలకూ మెయిల్ చేసేవారు. కెమెరా మంచిది గనుక ఫొటో కూడా బరువైనదే. ఆ బరువు ఎక్కడ పడుతున్నదో ఆయనకు తెలియదు, తెలిసినవారు చెప్పలేదు.

ఇప్పుడు చెప్పబోయే సంఘటన రెండు వేల పదిహేడు నవంబరు నాటిది. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. హెచ్చరిక వెలువడక ముందే వాడరేవు నుంచి వేటకు వెళ్లిన పడవలన్నీ ఒక్కొక్కటిగా ఒడ్డుకు చేరాయి గానీ, అంకారావు అనే నడివయసు మత్స్యకారుడు, ఆయన తోడివారు ముగ్గురు ఉన్న పడవ మాత్రం తిరిగి రాలేదు. మున్నీసా గారు ఆ కబురు తెలిసిన వెంటనే తీరం పొడవునా ఉన్న మత్స్యశాఖ, రేవు కార్యాలయాలన్నిటికీ పడవ నంబరు, రంగు, మనుషుల పేర్లు మెయిల్ చేశారు. గాలికి ఫోను స్తంభాలు పడిపోయి ఆఫీసు ఫోను మూగబోయింది, కరెంటూ ఇంటర్నెట్టూ మాత్రం నిలిచాయి. తమ సొంత ఫోను నుంచి ప్రయత్నిస్తే, కష్టం మీద లైను దొరికినవారందరిదీ ఒకటే మాట: "ఏ కబురు తెలిసినా వెంటనే మెయిల్ పెడతాం మేడమ్, ఫొటోలతో సహా."

మర్నాడు ఉదయానికి ఆ నాలుగు కుటుంబాలూ కార్యాలయం వరండాలోకి వచ్చి కూర్చున్నాయి. అంకారావు భార్య రత్తాలు తలుపు పక్కనే గోడకు ఆనుకుని, లోపల ఎవరు కదిలినా లేచి నిలబడుతోంది.

"ఏంటమ్మా, కబురేమన్నా వచ్చిందా?"

"ఇంకా లేదమ్మా. రాగానే ముందు నీకే చెప్తాను. కాస్త టీ తాగు."

"వద్దమ్మా. గొంతులోకి దిగదు. టీవీలో ఎక్కడో పడవలు కొట్టుకొచ్చినయ్యంటన్నారు. అందులో మావోళ్లది లేదంటారా?"

"లేదని ఎవరూ అనలేదు రత్తాలూ. ఇక్కడే ఉండు."

లోపలికి వచ్చి మున్నీసా గారు మళ్లీ కంప్యూటరు ముందు కూర్చున్నారు. పొద్దుటి నుంచి ఎన్నిసార్లు చూసినా పెట్టెలో కొత్తగా ఏమీ లేదు. అన్నిటికంటె పైన ఉన్నది నిన్నటి గులాబీ, పసుపు రంగుది. దాన్ని చూస్తూ ఉండగా వారికి ఒక ఆలోచన తట్టింది. మరి ఇవాళ్టిది ఏదీ? ఎండ కాసినా వాన కురిసినా ఆఫీసు తెరిచే సరికి వచ్చి కూర్చునే పువ్వు ఇవాళ ఎందుకు రాలేదు?

పక్క బల్ల దగ్గర అకౌంటెంటు రూతు గారున్నారు. ఇద్దరిదీ ఏళ్ల నాటి స్నేహం. లెక్కల విభాగానికి వేరే మెయిల్ పెట్టె ఉంది.

"రూతూ, ఇవాళ ఎండీ గారి పువ్వు నీకొచ్చిందా?"

"ఇప్పుడు పువ్వులెందుకే?"

"వచ్చిందా లేదా చెప్పు."

"వచ్చింది. ఎర్రది. ఏం?"

"మన ఆఫీసు పెట్టెకి రాలేదు. నువ్వొక మెయిల్ పెట్టి చూడు నాకు."

రూతు గారు పెట్టారు. అది వెళ్లినట్టే వెళ్లి, మరుక్షణం వెనక్కి తిరిగి వచ్చింది. చేరవలసిన పెట్టె నిండిపోయినందున అందజేయలేకపోయామని దాని సారాంశం. మున్నీసా గారికి విషయం బోధపడింది. ఇక్కడినుంచి మెయిళ్లు వెళ్తున్నాయి గనుక అంతా సవ్యంగా ఉందనుకున్నారు. కానీ నిన్నటి పువ్వు తర్వాత తమకు ఒక్క మెయిలూ చేరడం లేదు. ఎవరైనా కబురు పెట్టి ఉంటే అది గుమ్మం దాకా వచ్చి తిరిగి వెళ్లిపోయి ఉంటుంది.

వెంటనే ఎండీ గారికి ఫోన్ చేశారు. గుంటూరులో సమావేశంలో ఉన్నారు, ఫోను ఆపి ఉంది. మున్నీసా గారు పెట్టెలోని మెయిళ్లను బరువు వరుసలో పేర్చి చూశారు. పైనుంచి కిందిదాకా, కనుచూపు మేర, గులాబీలే.

"మున్నీసా, ఆగు," అన్నారు రూతు గారు, వారి చేతిమీద చెయ్యేసి. "అవన్నీ ఎండీ గారివి. సర్క్యులర్ మర్చిపోయావా? ఇంకెవరివైనా చూసి తీద్దాం. పోనీ ఆయన ఫోన్ ఎత్తేదాకా ఆగుదాం. సంజాయిషీ అడిగితే ఏం రాస్తావు?"

"అడగనీ. రాసుకోడానికి నాకు వేళ్లున్నాయి. బయట ఆ పిల్ల గోడకి ఆనుకుని కూర్చుంది, దానికి రావాల్సిన కబురు వెనక్కి పోతోంది రూతూ."

రూతు గారు చెయ్యి తీసేశారు. తమ కుర్చీ ఈడ్చుకొచ్చి పక్కనే వేసుకున్నారు. "అయితే ఇద్దరం కలిసే తీశామని రాయి" అన్నారు.

గులాబీలన్నీ చెత్తబుట్టలోకి వెళ్లాయి. అయినా చోటు రాలేదు. చెత్తబుట్టను కూడా ఖాళీ చేస్తేనే పెట్టె తేలికపడుతుందని తెలుసుకుని అదీ చేశారు. తర్వాత తీరంలోని కార్యాలయాలన్నిటికీ ఒకటే మెయిలు: "నిన్నటి నుంచి మా పెట్టె నిండి ఉన్నందున మీ జవాబులు మాకు అందలేదు. దయచేసి మళ్లీ పంపండి. ఇక్కడ నాలుగు కుటుంబాలు ఎదురుచూస్తున్నాయి."

మొదట వచ్చింది డీజిల్ ధరల పట్టిక. తర్వాత ఎవరిదో సమావేశం వాయిదా. మూడోది ఉత్తరాన చాలా దూరంలో ఉన్న ఒక రేవు కార్యాలయం నుంచి. ఇంజను పాడై గాలికి కొట్టుకొచ్చిన పడవను నిన్న సాయంత్రం అక్కడి మత్స్యకారులు ఒడ్డుకు చేర్చారని, నలుగురూ క్షేమమని, ఈ సంగతి ఉదయం నుంచి రెండుసార్లు పంపామని అందులో ఉంది. కింద ఒక ఫొటో. నలుగురు మనుషులు ఎవరివో చొక్కాలు వేసుకుని, వరుసగా కూర్చుని, టిఫిన్ తింటున్నారు.

మున్నీసా గారు వరండాలోకి పరుగెత్తారు. రత్తాలు చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చి తెర ముందు నిలబెట్టారు. రత్తాలు వంగి చూసింది. ఇంకా వంగి చూసింది.

"ఆ చొక్కా మా ఆయనది కాదమ్మా," అంది నెమ్మదిగా. తర్వాత గొంతు ఒక్కసారిగా లేచింది. "మనిషి మాత్రం మా ఆయనే! ఇదిగో, ఈయనే! నేనిక్కడ నీళ్లు కూడా ముట్టకుండా కూర్చుంటే, చూడండమ్మా, ఇడ్లీలు తింటన్నాడు! పక్కోడి పళ్లెంలోకి కూడా చూస్తన్నాడు చూడండి!"

ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ తిట్టింది, తిడుతూనే తెర మీది మొహాన్ని చేత్తో తడిమింది. వెనకాలే మిగతా మూడు కుటుంబాలూ గది నిండా వచ్చేశాయి. ఎవరివారిని వారు వేలితో చూపించుకుంటూ, పేర్లు పెట్టి పిలుచుకుంటూ, ఆఫీసును సంత చేసేశారు. రూతు గారు ఒక మూల నిలబడి కళ్లు తుడుచుకుంటున్నారు. ఆ మధ్యాహ్నం వరండాలో టీ రెండుసార్లు తిరిగింది. మొదటి గ్లాసు రత్తాలే అందుకుంది.

ఆ సాయంత్రమే మున్నీసా గారు ఎవరూ అడగక ముందే సంజాయిషీ రాసి తెనాలికి పంపారు. శుభోదయ చిత్రాలన్నిటినీ తన సొంత నిర్ణయంతో తొలగించానని, అందుకు తానొక్కరే బాధ్యురాలినని అందులో రాశారు. రూతు గారి పేరు రాయలేదు. రూతు గారు ఊరుకోలేదు, తమ సంజాయిషీ తాము విడిగా పంపుకున్నారు. మూడో రోజున ఇద్దరికీ తెనాలి నుంచి పిలుపు వచ్చింది.

గోపాలకృష్ణ గారు రెండు కాగితాలనూ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నారు.

"అన్నీ తీసేశారా అమ్మా?"

"శుభోదయాలు మాత్రమేనండి. ఆఫీసు మెయిళ్లు ఒక్కటి కూడా తియ్యలేదండి."

"అవన్నీ నేను పెంచినవి."

"తెలుసండి. రోజూ చూసేదాన్నండి. అసలు మా పెట్టె నిండిపోయిందని ఆ రోజు మాకు తెలిసింది కూడా మీ పువ్వు రాకపోవడం వల్లేనండి."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. తమ పువ్వుల బరువుకే ఆ కబురు ఆగిపోయిందన్న సంగతి ఆయనకు అప్పుడే పూర్తిగా అర్థమైంది. రెండు కాగితాలనూ మడిచి పక్కన పెట్టారు. చివరికి, "అయితే ఇన్నేళ్లు వచ్చి ఏమీ చేయలేదు గానీ, ఒక్క రోజు రాకుండా మేలు చేసిందన్నమాట నా గులాబీ" అని నవ్వారు. ఆ నవ్వుతో గదిలో బిగుసుకుపోయిన గాలి సడలింది. "ఇప్పుడు చెప్పండి. ఇది మళ్లీ జరగకూడదు. ఏం చేద్దాం?"

మున్నీసా గారు చెప్పారు. ఏదీ తీయకూడదనడం, ఏదైనా తీసేయవచ్చనడం, రెండూ పొరపాటేనని చెప్పారు. మనుషుల ప్రాణానికీ హక్కుకూ జీవనానికీ సంబంధించిన మెయిళ్లను సంవత్సరం వారీగా, విషయం వారీగా పెట్టె నుంచి వేరే చోటికి తరలించి భద్రపరచాలి, దానికి మరో ప్రతిని వేరే ఊళ్లో దాచాలి. బరువైన ఫొటోలనూ పత్రాలనూ విడిగా దాచుకుని మెయిలును తేలిక చేయాలి. గడువు తీరిన పిలుపులూ ప్రకటనలూ పలకరింపులూ వెళ్లిపోవాలి. ఇందుకోసం ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఒక గంట కేటాయించాలి. అందరికీ సంబంధించని జవాబును అందరికీ పంపడం మానాలి. వారం తిరగకుండా పాత సర్క్యులర్ రద్దయింది. కొత్త ఉత్తర్వు చిత్తుప్రతిని మున్నీసా గారే రాశారు. గోపాలకృష్ణ గారు శుభోదయ చిత్రాలు పంపడం మానేశారు గానీ గులాబీలు పంచడం మానలేదు. మరుసటి వానాకాలంలో మూడు కార్యాలయాలకూ తలా నాలుగు అంట్లు కట్టించి పంపారు.

ఉత్తర్వు రావడం ఒక ఎత్తు, దాన్ని మనుషుల చేత ఆచరింపజేయడం మరొక ఎత్తు. తెనాలి, రేపల్లె, బాపట్లలలో ప్రతి బల్ల దగ్గరా కూర్చుని నేర్పిన ఘనత మున్నీసా గారిదే. అన్నిటికంటె కష్టమైన మజిలీ రేపల్లెలో ఎదురైంది. అక్కడ పదవీ విరమణకు చేరువలో ఉన్న హైమావతి గారు తమ మెయిలు పెట్టెను ముట్టుకోనివ్వలేదు.

"అందరివీ సర్దుకో మున్నీసా. నాది వదిలెయ్."

"ఎందుకండీ? మీదే అందరికంటె నిండి ఉంది."

"నిండితే నిండనీ. ఇవి కూడా పోతే నేనిక్కడ పనిచేశాననడానికి గుర్తేముంటుంది చెప్పు?"

మున్నీసా గారు వాదించలేదు. తమను కంప్యూటరు ముందు మొదట కూర్చోబెట్టిన ఆ పెద్దావిడ పక్కన కుర్చీ వేసుకుని, తొందరలేని స్వరంతో, "సరే, తియ్యొద్దు. మొదటిది ఏదో చూపించండి" అన్నారు. హైమావతి గారు చూపించారు. నిజాంపట్నం మత్స్యకారుల బీమా గురించి. ఆ వెనక ఉన్న కథంతా చెప్పుకొచ్చారు. తర్వాతది, ఆ తర్వాతది. మధ్యాహ్నం భోజనాలు అక్కడే అయ్యాయి. ఒక్కొక్క కథా విన్న తర్వాత మున్నీసా గారు ఆ మెయిలును ఆమె చేతనే భద్రపరిచే చోటికి జరిపించారు.

"పోయిందా?" అన్నారు హైమావతి గారు ఆందోళనగా.

"పోలేదండి. హాల్లోంచి లోపలి గదిలోకి వెళ్లింది. పిలవండి, వస్తుంది."

హైమావతి గారు అనుమానంగానే వెతుకులాట పెట్టెలో ఒక పడవ పేరు కొట్టారు. పన్నెండేళ్ల కిందటి మెయిలు కళ్ల ముందు ప్రత్యక్షమైంది. ఇంకొకటి పిలిచారు, వచ్చింది. మరొకటి పిలిచారు, అదీ వచ్చింది. చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి, "ఇంత త్వరగా ఎప్పుడూ దొరకలేదే! మొత్తం జరిపెయ్ తల్లీ" అన్నారు. అప్పటినుంచి మన సమాఖ్యలో పాత మెయిళ్లు భద్రపరిచే చోటికి లోపలి గది అన్న పేరే స్థిరపడిపోయింది.

ఇంతటి క్రమశిక్షణకు మారుపేరైన వ్యక్తి సొంత ఫోను ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే వారి అమ్మాయి సుమయా గారిని అడగాలి. ఒకసారి జమీర్ గారు పేరాలలో చీరలు చూస్తూ, ఏ రంగు తీసుకోమంటారో తేల్చుకోవడానికి మూడు చీరల ఫొటోలు భార్యకు పంపారట. ఒక్కటీ చేరలేదు. ఫోనులో చోటు లేదు! సుమయా గారు ఆ ఫోను తీసి చూస్తే, మనవరాలు తుమ్మిన వీడియో, ఆవలించిన వీడియో, ఫహీం ఎప్పుడో 'ఇంటికొస్తున్నా' అని పంపిన ఒక్క మాట సందేశం, వదినగారు పంపిన బిర్యానీ ఫొటోలు, ఏదీ తీయకుండా అలాగే ఉన్నాయి.

"అమ్మీ, మూడు ఊళ్ల ఆఫీసులకి పాఠాలు చెప్తావు. ఇదేంటమ్మీ?"

"అది ఆఫీసు. ఇది ఇల్లు."

"ఇంటికి మాత్రం లోపలి గది ఉండదా?"

"మీ నాన్నని అడుగు, ఇంకో ఫోన్ కొంటారేమో."

జమీర్ గారు ఏ రంగు తేవాలో తెలియక మూడు చీరలూ తెచ్చారు. ఇందులో ఎవరు గెలిచారో వేరే చెప్పనక్కరలేదు.

రెండు వేల ఇరవై ఒకటిలో మున్నీసా గారు సహాయ మేనేజరు అయ్యారు. ఆ తర్వాత వచ్చిన ప్రతి తుపాను కాలంలోనూ మన మూడు కార్యాలయాల మెయిలు పెట్టెలు సిద్ధంగా, తేలికగా ఉన్నాయి. చేరవలసిన కబురు ఒక్కటి కూడా మన గుమ్మం నుంచి తిరిగి వెళ్లలేదు. ఏ మత్స్యకారుడు వచ్చి పాత వ్యవహారం ఏదడిగినా, ఆయన చేతిలోని టీ చల్లారేలోగా జవాబు దొరికింది. చూడ్డానికి ఇది చిన్న విషయంలా ఉంటుంది. కానీ తీరం వెంబడి ఎన్నో ఇళ్లలో ఎన్నో పొద్దులు నిశ్చింతగా గడిచాయంటే, వెనుక ఈ చిన్న విషయం ఉంది, ఈ పెద్ద మనసు ఉంది. కంఠం పెంచకుండా పని చేయించగల నేర్పు, తప్పు చేసినవారిని నలుగురిలో చిన్నబుచ్చని సంస్కారం, రంజాన్ మాసంలో ఉపవాసముండి కూడా మధ్యాహ్నం మనందరం తిన్నామో లేదో కనుక్కునే ఆప్యాయత, ఇవన్నీ వారితో పనిచేసిన ప్రతి ఒక్కరి అనుభవంలోనివే.

ఈ జనవరి ముప్పై ఒకటో తేదీన వారు పదవీ విరమణ చేస్తున్నారు. ఏం కానుక ఇమ్మంటారని రూతు గారి నాయకత్వంలో ఉద్యోగులందరూ వెళ్లి అడిగితే, శాలువా వద్దన్నారు, వెండి వద్దన్నారు. కాసేపు మొహమాటపడి, "నేనెప్పుడూ పడవ ఎక్కలేదండి" అన్నారు. అందరూ నిర్ఘాంతపోయారు. ఎన్ని పడవల నంబర్లు కంఠతా వచ్చినవారు! ఎన్ని ఇంజన్ల బీమా పరిష్కరించినవారు! భయమేసి ఎక్కలేదని, ఇప్పుడు మాత్రం ఎక్కాలనుందని ఒప్పుకున్నారు.

కిందటి ఆదివారం ఉదయం సముద్రం పలకలా ఉన్న వేళ, అందరం సూర్యలంక వెళ్లాం. మస్తాన్ అనే అనుభవజ్ఞుడైన మత్స్యకారుడు తమ పడవను సిద్ధం చేసి ఉంచారు. లైఫ్ జాకెట్టు తొడిగించుకుని, ఒక చేత్తో జమీర్ గారి భుజాన్నీ మరో చేత్తో రూతు గారి మోచేతినీ గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని మున్నీసా గారు పడవ ఎక్కారు. మొదటి అలకు "అమ్మో!" అన్నారు. రెండో అలకు కళ్లు తెరిచారు. మూడో అలకు రూతు గారి మోచెయ్యి వదిలేశారు. ఒడ్డు వెనక్కి జరిగి, మనుషులు చిన్నవారై, నీళ్లు మాత్రమే మిగిలిన చోట మస్తాన్ గారు ఇంజను తగ్గించి, "ఇక తిప్పమంటారా అమ్మగారండీ?" అని అడిగారు.

గాలికి కొంగు ఎగురుతుండగా, మొహం నిండా ఉప్పునీటి తుంపరతో, అరవై ఏళ్ల ఆ ముఖం పసిదై వెలిగిపోతుండగా, వారన్నారు: "అప్పుడేనా అన్నా? ఇంకొంచెం దూరం పోనీ!"

పడవలో అందరూ చప్పట్లు కొట్టారు. మస్తాన్ గారు నవ్వి ఇంజను పెంచారు.

సర్వేశ్వరుని కృపవల్ల మున్నీసా గారికి నిండు ఆరోగ్యం, చెక్కుచెదరని ఉత్సాహం, జమీర్ గారి తోడు, పిల్లల ప్రేమ, మనవరాలి అల్లరి నూరేళ్లపాటు సమృద్ధిగా లభించాలని తెనాలి, రేపల్లె, బాపట్ల కార్యాలయాల ఉద్యోగులందరం మనసారా కోరుకుంటున్నాం. వారు ఏ ఉదయం ఏ ఒడ్డుకు వెళ్లినా సముద్రం వారికోసం ప్రశాంతంగా ఉండుగాక. తిప్పమంటారా అని ఎవరడిగినా, ఇంకొంచెం దూరం పోనీ అనే ఆ గొంతు ఎన్నో ఏళ్లు అంతే హుషారుగా వినిపించుగాక!